తీరిక తక్కువ సభ్యుల కోసం ఒక సంభాషణ వేదిక: వృత్తి సంఘంలో జూలిప్ వాడకంపై సమీక్ష

జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరూ లేకుండా, సభ్యులు తమ తీరిక సమయాన్ని వెచ్చించి నడుపుకునే వృత్తి సంఘానికి సంభాషణ సాధనాన్ని ఎంచుకోవడం, ఒక కంపెనీకి ఎంచుకోవడం కంటే కష్టమైన పని. కంపెనీలో ఫలానా యాప్ వాడాలని యాజమాన్యం నిర్ణయిస్తే మర్నాటి నుంచి అందరూ అందులోనే ఉంటారు. సంఘంలో ఎవరినీ ఎవరూ ఆదేశించలేరు. ఒక సభ్యురాలు రోజులో చాలాసార్లు తొంగిచూస్తారు, మరొకరు వారానికి ఒక గంట కేటాయించగలుగుతారు, ఇంకొకరు సర్వసభ్య సమావేశం దగ్గరపడితే తప్ప కనిపించరు. ముగ్గురూ చందా కట్టినవారే, ముగ్గురికీ ఓటు ఉంది, ముగ్గురి వృత్తి అనుభవమూ సంఘానికి కావలసిందే. వృత్తి సంఘం కార్యవర్గంలో పనిచేస్తూ జూలిప్ అనే చాట్ యాప్‌ను దగ్గరగా వాడిన మనిషిగా, నేను దీన్ని తూచే తూకం ఒక్కటే: అందరికంటే తక్కువ తీరిక ఉన్న సభ్యుడు కూడా చర్చలో అర్థవంతంగా పాల్గొనగలుగుతున్నాడా? ఆ తూకానికి జూలిప్ నిలబడిందని ముందే చెబుతాను. నిలబడని చోట్లను కూడా వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఆ లోపాలు కొన్ని సంఘాలకు చిన్నవి, కొన్ని సంఘాలకు దాటలేనివి.

జూలిప్ 2012లో ఒక చిన్న కంపెనీ ఉత్పత్తిగా మొదలైంది. 2014లో ఫైళ్ళు దాచుకునే సేవ నడిపే డ్రాప్‌బాక్స్ ఆ కంపెనీని కొన్నది, 2015లో జూలిప్ అపాచీ 2.0 లైసెన్సు కింద ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా దాని కోడ్ చూసి, మార్చుకుని వాడుకునేలా, బయటికి వచ్చింది. ఇప్పుడు కాండ్రా ల్యాబ్స్ అనే సంస్థ దాని అభివృద్ధికి నాయకత్వం వహిస్తుండగా, ఎందరో స్వచ్ఛందంగా కోడ్ రాసి ఇస్తున్నారు. దీని వెనకున్న ఆలోచన మాత్రం ఇంకా పాతది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1980లలో పుట్టిన జెఫిర్ అనే సందేశ వ్యవస్థలోనే ప్రతి సందేశానికీ ఒక విభాగమూ, ఆ విభాగంలో ఒక ఉపవిభాగమూ ఉండేవి; జూలిప్ ఆ పద్ధతినే తీసుకుని ఈనాటి ఫోన్లకూ బ్రౌజర్లకూ తగినట్టు మలిచింది. రస్ట్ ప్రోగ్రామింగ్ భాషను తీర్చిదిద్దే బృందాలు, నిరూపణలను సరిచూసే లీన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో గణిత నిరూపణలు రాసే గణితజ్ఞులు తమ చర్చలకు దీన్నే వాడుతున్నారు. దూరదూరాల్లో ఉంటూ, వేర్వేరు ఉద్యోగాలు చేసుకుంటూ, దొరికిన సమయంలో కలిసి పనిచేసే ఇలాంటి సమూహాల అవసరాలే వృత్తి సంఘాలకూ ఉంటాయి కాబట్టి ఈ ఉదాహరణలు మనకు పనికొస్తాయి.

ఇందులో సంభాషణ రెండు అంచెలుగా సాగుతుంది. మొదటిది ఛానల్: కార్యవర్గం, సభ్యత్వం, వార్షిక సదస్సు, వృత్తి నియమావళి, పత్రిక అన్నట్టు సంఘంలో నిలకడగా ఉండే పని విభాగాలకు ఒక్కో ఛానల్ పెట్టుకుంటాం. రెండోది టాపిక్: ఛానల్‌లో మామూలుగా ఏ సందేశం పంపినా అది ఏ విషయానికి చెందిందో ఒక చిన్న శీర్షిక ఇవ్వాలి. సదస్సు ఛానల్‌లో 'హాలు బుకింగ్', 'ముఖ్య వక్త ఎంపిక', 'విద్యార్థులకు రుసుము తగ్గింపు' అనేవి మూడు వేర్వేరు టాపిక్‌లుగా, ఏకకాలంలో, ఒకదాని మీద ఒకటి పడకుండా నడుస్తాయి. చెప్పుకోవడానికి ఇంతే, కానీ ఫలితం చాలా పెద్దది. ఫోన్లలో మనందరికీ అలవాటైన గ్రూపుల్లో సందేశాలన్నీ ఒకే వరుసలో వస్తాయి. హాలు బుకింగ్ గురించి ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు రాకముందే పుట్టినరోజు శుభాకాంక్షలు పదిహేను వచ్చి పడతాయి, ఆ తర్వాత ఎవరో ఒక ఉద్యోగ ప్రకటన పెడతారు, ప్రశ్న పైకి జరిగిపోతుంది. ఆ సమయంలో ఫోన్ చేతిలో ఉన్నవారి మాటే చెల్లుతుంది. సాయంత్రం డ్యూటీ ముగించుకుని వచ్చిన సభ్యురాలికి ఆ విషయం మీద అందరికంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. అయినా ఆమె ఇప్పుడు జవాబిస్తే ముగిసిపోయిన మాటను మళ్ళీ తవ్వినట్టుగా ఉంటుంది కనుక ఊరుకుంటుంది.

జూలిప్‌లో ఆమె మూడు రోజుల తర్వాత జవాబిచ్చినా అది 'హాలు బుకింగ్' అనే టాపిక్ చివర, దాని ముందు మాటలకు ఆనుకునే కనిపిస్తుంది. ఆ విషయంపై ఆసక్తి ఉన్నవారికి అది కొత్త సందేశంగా అందుతుంది, తక్కినవారికి అడ్డు రాదు. ఆలస్యంగా మాట్లాడటం తప్పు కాని వేదిక ఇది అన్నది నా దృష్టిలో దీని అన్నిటికంటే పెద్ద గుణం. స్వచ్ఛంద సంఘాల్లో మంచి నిర్ణయాలు చాలావరకు ఇలా ఆలస్యంగా వచ్చిన, ఆలోచించి రాసిన జవాబుల నుంచే వస్తాయి. అలాంటి జవాబులకు చోటులేని సాధనాన్ని పెట్టుకుని, సభ్యులు పాల్గొనడం లేదని వాపోవడం న్యాయం కాదు.

చదివే పద్ధతిలోనూ ఈ నిర్మాణం కనిపిస్తుంది. తెరవగానే ఇన్‌బాక్స్ అనే పేజీలో, చదవని సందేశాలు ఏయే టాపిక్‌లలో ఎన్నెన్ని ఉన్నాయో పేర్లతో సహా వరుసగా ఉంటాయి. వారానికి ఒకసారి వచ్చే సభ్యుడు ఆ జాబితాను పుస్తకంలోని విషయసూచికలా చూసుకుని, తనకు పట్టని వాటిని తెరవకుండానే చదివినట్టు గుర్తించి, తనకు కావలసిన రెండు మూడింటిని మొదటి నుంచి చివరిదాకా చదువుకోవచ్చు. ఒక టాపిక్ అసలు అక్కర్లేదనుకుంటే మ్యూట్ చేయవచ్చు; బాగా పట్టించుకోవలసినదైతే ఫాలో చేయవచ్చు, అప్పుడు దాని నోటిఫికేషన్లు విడిగా వస్తాయి. మొత్తం ఛానల్‌ను మ్యూట్ చేసి, అందులో ఒక్క టాపిక్‌ను మాత్రం వింటూ ఉండటం కూడా వీలవుతుంది. కోశాధికారికి సదస్సు ఛానల్‌లోని వంద మాటలతో పని లేదు, 'ఖర్చుల అంచనా' అనే ఒక్క టాపిక్‌తోనే పని ఉంటుంది. ఈ వెసులుబాటు ప్రతి సభ్యుడి చేతిలోనే ఉండటం, అడ్మిన్‌ను అడగవలసిన అవసరం లేకపోవడం ముఖ్యం. సంఘానికి సరిపడే సాధనం అందరికీ ఒకే జోరులో సందేశాలను కురిపించకూడదు. ఎంత, ఎప్పుడు, ఏ దారిలో అందాలో తీసుకునేవారే నిర్ణయించుకునేలా ఉండాలి.

టాపిక్‌లు పెట్టే క్రమశిక్షణ సభ్యులందరికీ ఎలా వస్తుందన్న సందేహం సహజంగానే కలుగుతుంది. నిజానికి అందరికీ రాదు, రానక్కర్లేదు. సందేశాలను ఒక టాపిక్ నుంచి మరో టాపిక్‌కు, ఒక ఛానల్ నుంచి మరో ఛానల్‌కు జరిపే సౌకర్యం ఇందులో ఉంది. టాపిక్ పేరును తర్వాత మార్చనూ వచ్చు. సభ్యత్వ రుసుము గురించిన చర్చలో ఎవరైనా బీమా పథకం ప్రస్తావన తెస్తే, మోడరేటర్ ఆ సందేశాలను వేరు చేసి 'సభ్యులకు బీమా' అనే కొత్త టాపిక్‌లో పెడతారు, రెండు చర్చలూ తమ దారిన సాగుతాయి. ఇది సాంకేతిక సదుపాయంగా కంటే మర్యాదకు సంబంధించిన విషయంగా నాకు ఎక్కువ విలువైనది. సందేశాలన్నీ ఒకే వరుసలో వచ్చే గ్రూపుల్లో చర్చ దారి తప్పితే 'ఇది ఇక్కడ మాట్లాడవద్దు' అని అందరి ముందూ అనవలసి వస్తుంది. ఆ మాట వృత్తిలో పాతికేళ్ళ అనుభవం ఉన్న పెద్దవారితో అనడం ఎంత ఇబ్బందో, నిన్ననే చేరిన యువ సభ్యుడితో అంటే అతను మళ్ళీ నోరు విప్పకపోవడం ఎంత సులువో సంఘాల్లో పనిచేసినవారికి తెలుసు. ఇక్కడ ఎవరినీ నొప్పించకుండా, వారి మాటను తొలగించకుండా, దానికి తగిన చోటు చూపించవచ్చు.

ముగిసిన టాపిక్‌ను పరిష్కరించినట్టు గుర్తిస్తే దాని పేరు ముందు టిక్ గుర్తు చేరుతుంది. మామూలుగా చూస్తే చిన్న అలంకారంలా ఉంటుంది కానీ, కార్యవర్గాలు మారే సంఘాలకు ఇది చాలా అక్కరకు వస్తుంది. కొత్త కార్యదర్శి బాధ్యత తీసుకున్న రోజున సభ్యత్వం ఛానల్‌లోని టాపిక్‌ల జాబితా చూస్తే చాలు, ఏవి తేలాయో ఏవి నలుగుతున్నాయో తెలిసిపోతుంది. వృత్తి సంఘాల్లో జ్ఞాపకశక్తి సాధారణంగా ఇద్దరు ముగ్గురు వ్యక్తుల ఫోన్లలోనూ, సొంత ఈమెయిల్ ఖాతాలలోనూ ఉండిపోతుంది. వారు పదవి దిగినా, ఊరు మారినా, మనసు నొచ్చుకుని దూరమైనా సంఘం తన గతాన్ని పోగొట్టుకుంటుంది. రుసుము ఎందుకు పెంచాం, ఫలానా సంస్థతో ఒప్పందం ఎందుకు వద్దనుకున్నాం అన్న ప్రశ్నలకు మినిట్స్ పుస్తకంలో తీర్మానం మాత్రమే దొరుకుతుంది, దాని వెనకున్న వాదనలు దొరకవు. జూలిప్‌లో పబ్లిక్ ఛానల్‌లో చేరిన కొత్త సభ్యుడికి తాను రాకముందు జరిగిన సంభాషణ అంతా అందుబాటులో ఉంటుంది. ప్రైవేట్ ఛానల్‌కైతే, కొత్తగా చేరినవారు పాత సందేశాలను చూడవచ్చా లేదా అన్నది విడిగా నిర్ణయించుకోవచ్చు; కార్యవర్గం ఛానల్‌లో చూడనివ్వడం, ఫిర్యాదుల విచారణ జరిగే ఛానల్‌లో చూడనివ్వకపోవడం నాకు సబబుగా తోచిన ఏర్పాటు. ఒక సందేశానికో టాపిక్‌కో లింక్ ఇవ్వవచ్చు కనుక మినిట్స్‌లో తీర్మానం పక్కనే ఆ చర్చ లింక్‌ను చేర్చే అలవాటు చేసుకుంటే, వచ్చే కార్యవర్గానికి అది అన్నిటికంటే విలువైన వారసత్వం అవుతుంది.

ఇక ఈమెయిల్ సంగతి. వృత్తి సంఘానికి ఎంత కొత్త వేదిక తెచ్చినా, ఈమెయిల్ తప్ప మరేదీ తెరవని సభ్యులు గణనీయంగా ఉంటారు, వారిలో చాలామంది అనుభవజ్ఞులు. జూలిప్ వీరికి సగం దూరం మాత్రమే ఎదురు వస్తుంది. తమ పేరును ప్రస్తావించినప్పుడూ, నేరుగా సందేశం పంపినప్పుడూ, చూడకుండా ఉండిపోయిన ఆ సందేశం ఈమెయిల్‌గా వెళుతుంది. ఎంపిక చేసుకున్న ఛానల్‌లోని సందేశాలన్నీ ఈమెయిల్‌లో అందేలా కూడా పెట్టుకోవచ్చు. ఆ ఈమెయిల్‌కు జవాబిస్తే, సర్వర్‌లో అందుకు ఏర్పాటు ఉన్నట్లయితే, అది తిరిగి సరైన టాపిక్‌లోకే చేరుతుంది. ప్రతి ఛానల్‌కూ ఒక ఈమెయిల్ చిరునామా తయారు చేసుకోవచ్చు, దానికి పంపిన ఈమెయిల్ విషయవాక్యమే టాపిక్ అవుతుంది. బయటి సంస్థల నుంచి సంఘం పేరున వచ్చే ఉత్తరాలను ఒక ఛానల్‌లోకి మళ్ళించడానికి ఈ సౌకర్యం అద్భుతంగా పనిచేస్తుంది: ఉత్తరం ఒక్క కార్యదర్శి పెట్టెలో ఇరుక్కుపోకుండా అందరికీ కనిపిస్తుంది, ఎవరు జవాబిస్తున్నారో అక్కడే తేలుతుంది. అయినా ఇవన్నీ చాట్‌ను కేంద్రంగా పెట్టుకుని దానికి ఈమెయిల్‌ను జోడించిన ఏర్పాట్లే. పూర్తిగా ఈమెయిల్ మీదే బతికే సభ్యుడికి ఇందులో కొంత వెలితి ఎప్పుడూ ఉంటుంది. చాట్‌లో ఒక్కో వాక్యంగా పంపే అలవాటున్నవారి మాటలు ఈమెయిల్‌లో చదవడానికి అతుకులతో ఉంటాయి. సభ్యుల్లో ఎక్కువమంది ఇలాంటివారే అయితే జూలిప్‌ను కార్యవర్గానికీ ఉపసంఘాలకూ పరిమితం చేసి, సర్వసభ్యులకు చేరవలసిన ప్రకటనలను ఈమెయిల్‌లోనే కొనసాగించడం మంచిది. వాటిని రెండు చోట్లా పంపడం అదనపు శ్రమే, కానీ సభ్యుడి హక్కులకు సంబంధించిన సమావేశ నోటీసు, ఎన్నికల ప్రకటన వంటివి అతను ఒక యాప్ తెరిచాడా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు.

గోప్యత విషయంలో జూలిప్‌ను రెండు వైపులా చూడాలి. మంచి వైపు: ఇందులో చేరడానికి ఫోన్ నంబర్ ఇవ్వనక్కర్లేదు, సభ్యుల ఈమెయిల్ చిరునామాలు ఎవరెవరికి కనిపించాలో నిర్ణయించుకోవచ్చు. నంబర్ ఆధారంగా నడిచే గ్రూపుల్లో వందలమంది అపరిచితులకు తమ నంబర్ తెలిసిపోతుందన్న కారణంతోనే చేరడానికి వెనుకాడే మహిళా సభ్యులు ఎందరో ఉన్నారు. ఈ ఒక్క మార్పు వల్ల వారికి సంఘం తలుపు తెరుచుకుంటుంది. వృత్తి, ప్రత్యేక నైపుణ్యం, పనిచేసే రంగం వంటి వివరాలకు ప్రొఫైల్‌లో ప్రత్యేక గడులు పెట్టుకునే వీలుంది, సభ్యుల డైరెక్టరీని విడిగా తయారుచేసే పని కొంత తగ్గుతుంది. రెండో వైపు: ఇందులోని సందేశాలకు పంపినవారి నుంచి అందుకున్నవారి దాకా పూర్తి ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో మరెవరూ చదవలేని రహస్య లిపి రక్షణ, లేదు. అవి సర్వర్‌లో నిల్వ ఉంటాయి, సర్వర్ నిర్వాహకుడికి సాంకేతికంగా అందుబాటులో ఉంటాయి. వెతకగలిగే సామూహిక జ్ఞాపకం కావాలంటే ఈ ఏర్పాటు అర్థం చేసుకోదగ్గదే. అయితే రోగుల వివరాలు, కక్షిదారుల వివరాలు, సహోద్యోగిపై వచ్చిన ఫిర్యాదు పత్రాలు వంటివి ఇక్కడ పెట్టకూడదని సంఘం ముందే రాతపూర్వకంగా నియమం పెట్టుకోవాలి. వైద్యులు, న్యాయవాదులు, సలహాదారుల సంఘాలకు ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

హోదాల విభజన సంఘ నిర్మాణానికి చక్కగా అతుకుతుంది. ఓనర్, అడ్మిన్, మోడరేటర్, సభ్యుడు, గెస్ట్ అనే మెట్లున్నాయి. సదస్సుకు పిలిచిన వక్తను గెస్ట్‌గా చేర్చి ఒక్క ఛానల్ మాత్రమే చూపించవచ్చు. ప్రకటనల ఛానల్‌లో కార్యవర్గం మాత్రమే రాయగలిగేలా నియంత్రించవచ్చు. కొత్తగా చేరినవారికి కొన్ని పనులు కొద్ది రోజులు గడిచాకే అందుబాటులోకి వచ్చేలా గడువు పెట్టవచ్చు. చందా కట్టడం మానేసినవారి ఖాతాను నిలిపివేసినా వారు రాసిన సందేశాలు పోవు, చర్చలో రంధ్రాలు పడవు. కావాలనుకున్న ఛానల్‌ను ఖాతా లేనివారు కూడా చదివేలా తెరిచి ఉంచవచ్చు. వృత్తిలోకి రావాలనుకునే విద్యార్థులకు సంఘం ఏం మాట్లాడుకుంటుందో చూపించడానికి ఇది మంచి మార్గం.

పోల్ సౌకర్యం గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. సమావేశం ఏ రోజు పెడదాం, పత్రిక ముఖచిత్రం ఏది బాగుంది వంటి వాటికి అది బాగా పనికొస్తుంది. పైగా రాసేటప్పుడు సమయాన్ని ప్రత్యేక రూపంలో ఇస్తే, చదివే ప్రతివారికీ అది వారి సొంత టైమ్ జోన్‌లో కనిపిస్తుంది. దేశాలు దాటి సభ్యులున్న సంఘాల్లో సమావేశ సమయం గురించిన గందరగోళం దీంతో తీరిపోతుంది. కానీ ఎవరు దేనికి ఓటేశారో పోల్‌లో పేర్లతో సహా కనిపిస్తుంది. అందుచేత పదవుల ఎన్నికకూ, వ్యక్తులపై నిర్ణయాలకూ దీన్ని వాడకూడదు. రహస్య ఓటింగ్‌కు వేరే ఏర్పాటు చేసుకోవలసిందే.

అలవాటు పడటమే జూలిప్‌లోని అసలు కష్టం. మొదటిసారి తెరిచినవారికి తెర నిండుగా, కొంత కటువుగా కనిపిస్తుంది. ఎడమ వైపు ఛానళ్ళు, వాటి కింద టాపిక్‌లు, కుడి వైపు సభ్యుల పేర్లు. పలకరించి వెళదామని వచ్చిన మనిషిని 'ఏ టాపిక్?' అని అడగడం అతనికి ఏదో దరఖాస్తు నింపమన్నట్టు అనిపించవచ్చు. టాపిక్ లేకుండా మాట్లాడుకునే సాధారణ కబుర్ల వీలును ఇటీవలి వెర్షన్లలో కల్పించారు, దాన్ని తప్పకుండా ఒక ఛానల్‌లో తెరిచి ఉంచాలి, ఎందుకంటే సంఘం అన్నది ఎజెండాల మీదే నడవదు, పలకరింపుల మీద కూడా నడుస్తుంది. ఫోన్ యాప్ ఒకప్పుడు దీని బలహీనత. 2025లో పూర్తిగా కొత్తగా రాసిన యాప్ వచ్చాక పరిస్థితి మెరుగుపడింది, అయినా అడ్మిన్ పనులు చేయడానికి కంప్యూటరే సౌకర్యం. టాపిక్ పేరు 60 అక్షరాలకు మించకూడదన్న హద్దు కార్యాలయ భాషలో పొడుగాటి శీర్షికలు పెట్టే అలవాటున్నవారిని మొదట్లో ఇబ్బంది పెడుతుంది, తర్వాత మేలు చేస్తుంది. వెతుకులాట బాగా పనిచేస్తుంది కానీ, పదాల రూపాలను గుర్తించే తెలివి ఒక్కో సర్వర్‌లో ఒక్కో భాషకే అమరి ఉంటుంది. పలు భాషల్లో మాట్లాడుకునే సంఘం సొంత సర్వర్ పెట్టుకుంటే అన్ని భాషల్లోనూ వెతకడానికి వీలిచ్చే పీజీగ్రూంగా అనే అదనపు అమరికను చేర్చుకోవడం మంచిది.

డబ్బు లెక్కకు వస్తే, నెలకు మనిషికింత చొప్పున వసూలు చేసే పద్ధతి స్వచ్ఛంద సంఘాలకు ఏ సాధనంలోనైనా మోయలేని భారమే. ఏడాదిలో రెండుసార్లు మాత్రమే మాట్లాడే సభ్యుడికి కూడా, రోజూ వాడే ఉద్యోగికి కట్టినంత కట్టవలసి వస్తుంది. సాధారణంగా సంఘాలు ఉచిత ప్లాన్లవైపు చూడటానికి కారణం ఇదే, వాటిలోని ఉచ్చు జ్ఞాపకం మీద పడుతుంది. ఉదాహరణకు కంపెనీలు ఎక్కువగా వాడే స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లో 2022 నుంచి గత 90 రోజుల సందేశాలే కనిపిస్తాయి. ఏడాదికోసారి సదస్సు జరిపే సంఘానికి గత సదస్సు చర్చలు చూసుకునే వీలు అందులో ఉండదు. జూలిప్ కంపెనీ తన సర్వర్లలో ఇచ్చే ఉచిత ప్లాన్‌లో రోజుల హద్దు లేదు కానీ, చివరి 10,000 సందేశాల వరకే వెతికే వీలుంటుంది. నెమ్మదిగా మాట్లాడుకునే కార్యవర్గానికి అది ఏళ్ళ తరబడి సరిపోవచ్చు, సభ్యులందరూ చేరిన చురుకైన సంఘానికి త్వరలోనే నిండిపోతుంది. లాభాపేక్ష లేని సంస్థలకు రాయితీలు, కొన్ని రకాల సమూహాలకు పూర్తి ప్రాయోజకత్వం ఇస్తామని కంపెనీ ప్రకటించింది. దరఖాస్తు చేసుకుని, జవాబు వచ్చాకే సంఘం బడ్జెట్ వేసుకోవాలి.

సొంత సర్వర్‌లో పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కర్లేదు, ఉచితంగా పెట్టుకున్నదానిలోనూ అన్ని సౌకర్యాలూ ఉంటాయి. ఉబుంటు లేదా డెబియన్ నడిచే యంత్రంలో కనీసం 2 జీబీ మెమరీ, వందమందికి పైబడితే 4 జీబీ మెమరీ, రెండు సీపీయూలు కావాలని తయారీదారులు చెబుతున్నారు; అది ఈనాడు చిన్న అద్దె సర్వర్‌కు సమానం. ఫోన్లకు వెళ్ళే నోటిఫికేషన్లు మాత్రం కంపెనీ సేవ ద్వారానే వెళతాయి, పదిమందికి మించితే దానికి ప్లాన్ తీసుకోవాలి లేదా రాయితీ కోసం దరఖాస్తు పెట్టాలి. అయితే అసలు ఖర్చు డబ్బులో ఉండదు, మనిషిలో ఉంటుంది. సర్వర్‌కు అప్‌గ్రేడ్లు చేయాలి, బ్యాకప్‌లు తీయాలి, తీసిన బ్యాకప్ తిరిగి నిలబడుతుందో లేదో పరీక్షించాలి. ఉత్సాహవంతుడైన ఒక యువ సభ్యుడు ఇవన్నీ తన భుజాన వేసుకుంటాడు, రెండేళ్ళకు ఉద్యోగం మారి తీరిక లేకుండా పోతుంది, పాస్‌వర్డ్‌లు అతని దగ్గరే ఉంటాయి. ఇలా మూగబోయిన సంఘ వేదికల గురించి తోటి సంఘాల వారు చెప్పగా విన్నాను. అందుచేత సర్వర్ బాగోగులు చూడగలవారు సంఘంలో కనీసం ఇద్దరు లేనట్లయితే, సొంత సర్వర్ ఆలోచన మానుకుని కంపెనీ సేవనే తీసుకోమని నా సలహా. ఏ దారి పట్టినా ఓనర్ హోదా ఒక్కరికే ఇవ్వకూడదు. కార్యదర్శి, కోశాధికారి, సాంకేతిక బాధ్యుడు ముగ్గురికీ ఇచ్చి, పదవులు మారిన రోజునే దాన్నీ మార్చాలని సంఘ నియమాల్లో చేర్చుకోవాలి.

మొదలుపెట్టే తీరు మీద కూడా ఫలితం ఆధారపడి ఉంటుంది. ఉన్న కమిటీలన్నిటికీ, ఊహించగల విషయాలన్నిటికీ ఛానళ్ళు తెరిచేయాలన్న ఉబలాటం కార్యవర్గాలకు ఉంటుంది. ఖాళీ ఛానళ్ళ వరుసను చూసిన కొత్త సభ్యుడికి మనుషులు లేని భవనంలోకి వచ్చినట్టుంటుంది. నాలుగైదు ఛానళ్ళతో ఆరంభించి, ఒక విషయం ఛానల్ స్థాయికి ఎదిగినప్పుడు దాని టాపిక్‌లను జరిపి కొత్త ఛానల్ చేయడమే మేలు. అలా జరపగలగడం జూలిప్‌లో సులువు కాబట్టి మొదట్లోనే అంతా సరిగ్గా రూపొందించాలన్న ఒత్తిడి ఉండదు. సభ్యులందరినీ ఒకేసారి ఆహ్వానించడం కంటే, నిజంగా జరుగుతున్న ఒక పనిని, ఉదాహరణకు సదస్సు ఏర్పాట్లను, ముందుగా అక్కడికి తరలించి, ఆ పనిలో ఉన్నవారు అలవాటుపడ్డాక మిగతావారిని పిలిస్తే, వచ్చినవారికి చూడటానికి జీవమున్న చర్చ ఉంటుంది. ఆహ్వాన లింక్‌కు గడువు పెట్టవచ్చు, ఆ లింక్ ద్వారా వచ్చినవారు ఏ ఛానళ్ళలో చేరాలో ముందే నిర్ణయించవచ్చు. మొదటి నెలల్లో టాపిక్‌లను సర్దే పనిని ఓర్పుగల ఒకరిద్దరు మోడరేటర్లు బాధ్యతగా తీసుకోవాలి. ఆ పనికి ఎవరూ ముందుకు రాకపోతే జూలిప్ కూడా కొన్నాళ్ళకు మామూలు గ్రూపులాగే తయారవుతుంది, దాని నిర్మాణం దానంతట అది ఎవరినీ కాపాడదు.

ఇరవై మంది లోపు సభ్యులుండి, అందరూ ఒకరికొకరు బాగా తెలిసి, నెలకోసారి ముఖాముఖి కలుసుకునే సంఘానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. ఉన్న ఫోన్ గ్రూపూ, ఒక ఉమ్మడి ఈమెయిల్ చిరునామా వారికి చాలు. వందల మంది సభ్యులు, నాలుగైదు ఉపసంఘాలు, వేర్వేరు ఊళ్ళు లేదా దేశాలు, రెండు మూడేళ్ళకోసారి మారే కార్యవర్గం ఉన్న సంఘాలకు మాత్రం దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. చేరేముందు బయటికి వెళ్ళే దారిని కూడా చూసుకోవాలి కనుక ఒక చివరి వివరం: జూలిప్‌లోని సమాచారాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, అంటే ఫైళ్ళుగా బయటికి తీసుకోవచ్చు, కంపెనీ సర్వర్ నుంచి సొంత సర్వర్‌కూ, సొంత సర్వర్ నుంచి కంపెనీ సర్వర్‌కూ సంఘం మొత్తాన్ని తరలించవచ్చు. స్లాక్, మ్యాటర్‌మోస్ట్, రాకెట్.చాట్ అనే చాట్ యాప్‌లు వాడుతున్న సంఘాలు తమ పాత చర్చలను వెంట తెచ్చుకోగలవు. అడ్మిన్ ఎక్స్‌పోర్ట్ తీసినప్పుడు పబ్లిక్ ఛానళ్ళ సమాచారం వస్తుంది, ప్రైవేట్ సంభాషణలకు ఆయా సభ్యుల సమ్మతి అవసరమవుతుంది. కార్యవర్గం మారే ప్రతిసారీ ఒక ఎక్స్‌పోర్ట్ తీసి, సంఘం దస్తావేజులతో పాటు కొత్తవారికి అప్పగించడం ఆ రోజు కార్యక్రమంలో ఒక అంశంగా రాసుకోవచ్చు.